ఫిల్టర్ మడతల్లో రాగి మెరుపు: శబ్దమే లేని ఇంజిన్‌ను ఎందుకు విప్పాను

రోహిణి కార్తె, మధ్యాహ్నం మూడు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీదున్న మా షెడ్డు రేకుల కింద నిలబడితే తల మీద పెనం పెట్టినట్టు ఉంటుంది. లిఫ్టు మీదున్న కారు కింద నుంచి మా కుర్రాడు పిలిచాడు. "అన్నా, ఆయిల్లో జిగినా కలిసినట్టుంది, ఒకసారి వచ్చి చూడు."

టబ్‌ను నీడలోంచి ఎండలోకి లాగించాను. పాత ఆయిల్ నల్లగా ఉండటం మామూలే. కర్రతో ఒకసారి తిప్పగానే ఆ నలుపు లోపల పట్టుచీర అంచులా ఒక జీర కదిలింది. మెటాలిక్ పెయింటు డబ్బా మూత తీసి కలిపినప్పుడు ఎలా తిరుగుతుందో, అలా. నీడలో చూసుంటే తెలిసేది కాదు. పాత ఆయిల్‌ను ఎండలో చూడాలన్న అలవాటు నాకు డీజిల్ లారీల దగ్గర పనిచేసిన రోజుల్లో వచ్చింది. ఇప్పుడు ఏసీ వర్క్‌షాపుల్లో ట్యూబ్‌లైట్ల కింద పనిచేసే పిల్లలకు ఆ అవకాశం తక్కువ.

బండి సంగతి ముందు చెబుతాను. మూడు లీటర్ల టర్బో పెట్రోల్, ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉండే ఇంజిన్, ఆటోమేటిక్, వెనక చక్రాల డ్రైవ్. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మీటర్ మీద 71,400 కిలోమీటర్లు. కంపెనీ పేరు రాయడం లేదు, నా లెక్కలో తప్పు కంపెనీది కాదు కాబట్టి. కొన్న ఆరు నెలలకే ఓనర్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్ చేయించాడు. స్టేజ్ వన్ అంటారు చూడండి, అది. కంపెనీ ఇచ్చిన టార్కు, అంటే ఇంజిన్ తిప్పే బలం, మీద ఇంకో నాలుగోవంతు పెరిగింది. అదీ కింది ఆర్పీఎంలోనే (ఇంజిన్ నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడే) ఎక్కువ పెరిగింది.

ఓనర్ కుటుంబానికి చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. అతను ఫ్యాక్టరీకి డీజిల్ ఎస్‌యూవీలో పోతాడు. ఈ కారు ఊళ్ళో తిరగడానికి, శనివారం కొండకు పోవడానికి, రెండు మూడు నెలలకోసారి పలమనేరు మీదుగా బెంగళూరు పోయి రావడానికి. ఈ తిరుగుడు సంగతి గుర్తు పెట్టుకోండి, చివరికి కథంతా అక్కడికే వస్తుంది.

ముందుసారి ఆయిల్ మార్చింది కూడా నేనే. 14 నెలలు, 9,800 కిలోమీటర్ల కిందట. అప్పుడు తీసిన ఫిల్టర్‌ను కోయకుండా చెత్త డ్రమ్ములో వేశాను. ఆ పని మిగిలిన కథకంటే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. అది కోసి చూసుంటే ఇది కొత్తగా వచ్చిన లోహమా, పాతదే పెరుగుతోందా అన్నది అయిదు నిమిషాల్లో తేలేది.

ఫిల్టర్ కోయడం

ఈ ఇంజిన్‌లో డబ్బా ఫిల్టర్ ఉండదు. ప్లాస్టిక్ గిన్నె లోపల కాగితం ఫిల్టర్. మడతలను పై అంచు, కింది అంచు దగ్గర కొత్త బ్లేడుతో కోసి, కాగితాన్ని పొడుగ్గా సాగదీశాం. హాక్‌సా వాడకూడదు. దాని పొడి దీంట్లో కలిసి మనమే పుట్టించిన లోహాన్ని మనమే చూసి భయపడతాం. కాగితాన్ని రెండు శుభ్రమైన రేకుల మధ్య పెట్టి వైస్‌లో మెల్లగా బిగిస్తే ఆయిల్ కారిపోయింది. తర్వాత తెల్ల కాగితం మీద పరిచి ఎండలో పెట్టాను.

మొదట కనిపించేది మసి. కళ్ళు అలవాటయ్యాక మడతల అడుగున ఒక్కొక్కటే మెరవడం మొదలైంది. ఉప్మా రవ్వలో సగం సైజు ఉంటాయి. గుండ్రంగా లేవు. పల్చగా, అభ్రకం పొరల్లా పెళుసుగా ఉన్నాయి. కొన్ని వెండి రంగు, కొన్ని స్పష్టంగా రాగి రంగు. సగం ఫిల్టర్‌లో కంటికి కనిపించినవే ముప్పై దాటాయి.

అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి కాగితం మీద తిప్పాను. కవర్ ఎందుకంటే, తర్వాత కవర్‌ను తిరగేస్తే అంటుకున్నదంతా ఊడి వస్తుంది. లేకపోతే అయస్కాంతం మీద పొడిని గీకలేక చస్తాం. బూడిద రంగు నూగు కొంచెం అంటుకుంది. ఇనుము ఆ మాత్రం ఏ ఇంజిన్‌లోనైనా ఉంటుంది, డ్రెయిన్ నట్టు మీది అయస్కాంతానికి పట్టే మెత్తటి పేస్టు లాంటిదే. మెరిసే రేకులు మాత్రం ఒక్కటీ కదల్లేదు.

ఇనుము కాకపోతే అల్యూమినియమా? నాలుగు వెండి రేకులు ఏరి, గాజు గిన్నెలో కాస్టిక్ సోడా నీళ్ళలో వేశాను. అల్యూమినియం అయితే వెంటనే బుడగలు కక్కుతుంది. పక్కన పోలిక కోసం ఒక పాత పిస్టన్ గీకుడు వేస్తే అది బుసబుసమని పొంగింది. మన రేకులు అలాగే పడి ఉన్నాయి. (చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు. కాస్టిక్ కంట్లో పడితే చూపే పోవచ్చు.)

అంటే పిస్టన్ కాదు. రాగి రంగు, తగరం రంగు, అయస్కాంతానికి అంటనివి. ఇంజిన్ లోపల ఈ మూడూ కలిసే చోట్లు చాలా తక్కువ.

ఇంకో చిన్న మాట. డ్రెయిన్ నట్టుకు వేసే వాషర్ రాగిది. కొందరు మరలకు కాపర్ గ్రీసు కూడా పూస్తారు. ఆ గ్రీసులోని రాగి పొడి ఆయిల్లో కలిసి, అనవసరంగా ఇంజిన్ విప్పిన కేసు నాకు ఒకటి తెలుసు. మా షెడ్డులో డ్రెయిన్ నట్టుకు గ్రీసు పూయం. పైగా గ్రీసులోంచి వచ్చేది పొడి, రేకులు కావు. కాబట్టి ఆ అనుమానం అప్పుడే కొట్టేశాను.

నేను దారి తప్పిన రోజు

ఇక్కడ నేను తెలివిగా ఏమీ ప్రవర్తించలేదు. రాగి రంగు చూడగానే నా మనసు ఇంజిన్‌లోకి గాలి నొక్కి పంపే టర్బో మీదికి పోయింది. టర్బో షాఫ్టును మోసే బుష్‌లు కంచువి. ట్యూన్ చేసిన బండి కాబట్టి టర్బో మీద భారం పెరిగి ఉంటుంది. ఇంజిన్ గడియారంలా నడుస్తోంది, లోపల బేరింగులు (క్రాంక్ అనే తిరిగే ఇరుసుకు వేసే పల్చటి షెల్స్) పోతే శబ్దం రాకుండా ఉంటుందా అనుకున్నాను. ఒక రోజంతా టర్బో దగ్గరికి చేరడానికే పోయింది. షాఫ్టు పక్కలకు కొంచెం ఊగింది, ఈ రకం బేరింగుకు ఆ మాత్రం ఉండాల్సిందే. ముందుకూ వెనక్కూ ఏమీ లేదు. రెక్కలు ఎక్కడా గోడకు రాసుకోలేదు. ఇంటర్‌కూలర్ పైపులో ఆయిల్ తడి లేదు. టర్బోకు ఏమీ కాలేదు.

ఇంకో పొరపాటు కూడా ఒప్పుకుంటాను. ఆయిల్ ప్రెషర్ చూద్దామని కొత్త ఫిల్టర్ వేసి, కొత్త ఆయిల్ పోసి, ఇంజిన్‌ను ఇరవై నిమిషాలు నిలబెట్టి నడిపాను. స్టెతస్కోపుతో విన్నాం, ఒక్కో సిలిండర్‌కు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ పీకి చూశాం. ఎక్కడా కొట్టుకుంటున్న శబ్దం లేదు. మెకానికల్ గేజ్ పెడితే వేడెక్కాక ఐడిల్‌లో ప్రెషర్ కాస్త తక్కువగా కనిపించింది. కానీ ఈ ఇంజిన్‌లో ఆయిల్ పంపును కంప్యూటరే అదుపు చేస్తుంది, అవసరం లేనప్పుడు ప్రెషర్ తగ్గిస్తుంది. పంపు కంట్రోల్ ప్లగ్గు పీకేస్తే అది పూర్తి ప్రెషర్‌కు పోతుంది. అలా చూస్తే రీడింగు పర్వాలేదనిపించింది. అంటే ఆ ఇరవై నిమిషాల్లో నాకు తెలిసింది దాదాపు సున్నా. ఇప్పుడైతే రాగి రేకులు చూశాక ఆ ఇంజిన్ తాళం తిప్పను. ఆ ఇరవై నిమిషాలూ బేరింగుల అదృష్టం.

ల్యాబ్ రిపోర్టు, దాన్ని చదవడంలో తంటా

ఆయిల్ తీసేటప్పుడే ధార మధ్యలో వంద మిల్లీలీటర్లు కొత్త సీసాలో పట్టించాను. మొదటి ధారలో అడుగు మడ్డి వస్తుంది, చివరి ధారలో ఏమీ తేలదు. సీసా కొత్తదే కావాలి. ఒకసారి మా కుర్రాడు కొబ్బరినూనె సీసాలో పంపాడు. ల్యాబు వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి ఫోన్ చేసి అడిగారు.

శాంపిల్ కొరియర్‌లో చెన్నై పోయింది. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. రాగి 41 పీపీఎం (పది లక్షల భాగాల్లో 41), తగరం 6, సీసం 3, ఇనుము 28, అల్యూమినియం 9, సిలికాన్ 27. వంద డిగ్రీల దగ్గర చిక్కదనం 8.3 సెంటీస్టోక్స్. పెట్రోల్ కలిసింది సుమారు 6 శాతం. కింద ఒక వాక్యం: పరిశీలనలో ఉంచండి.

ఓనర్ ఆ చివరి వాక్యం మాత్రమే చదివాడు. "చూస్తా ఉండమన్నారు కదన్నా. శబ్దం కూడా లేదు. జూన్‌లో తోతాపురి సీజన్, నాకు ఊపిరి కూడా ఆడదు. సీజన్ అయినాక విప్పుదాంలేన్నా."

అతనిది మూర్ఖత్వం కాదు. రిపోర్టులో ఆ వాక్యం ఉన్నమాట నిజమే. కానీ ఆ యంత్రం చూడగలిగేది చాలా సన్నటి పొడినే. పది మైక్రాన్లు దాటిన ముక్కలు దానికి దాదాపు కనిపించవు. మనం ఫిల్టర్‌లో కంటితో చూసిన రేకులు దానికి ఎన్నో రెట్లు పెద్దవి. రసంలో ఉప్పు ఎంతుందో నాలుక చెబుతుంది. అన్నంలో రాయి ఉందని పంటికి తగిలితేనే తెలుస్తుంది. ల్యాబు నాలుక లాంటిది, ఫిల్టర్ పన్ను లాంటిది. అతనికి ఇలాగే చెప్పాను.

సీసం 3 అన్నది చూసి పాతకాలం మేస్త్రీలు ఊపిరి పీల్చుకుంటారు. బేరింగులు పోతే సీసం పెరగాలి కదా అన్నది వాళ్ళ లెక్క. యూరప్‌లో కార్ల నుంచి సీసం తగ్గించమని 2000లో చట్టం వచ్చాక కొత్త ఇంజిన్ల బేరింగుల్లోంచి సీసం క్రమంగా పోయింది. సీసం లేని బేరింగు అరిగితే సీసం ఎక్కడ నుంచి వస్తుంది? ఇక్కడ చూడాల్సింది రాగి, తగరం.

సిలికాన్ 27 నన్ను కాసేపు తిప్పలు పెట్టింది. సిలికాన్ అంటే మామూలుగా దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ తీసి చూశాను, శుభ్రంగా ఉంది, గాలి గొట్టాల్లో చిల్లు లేదు. దుమ్ము కాకపోతే ఆ సిలికాన్ ఎక్కడిదో ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ విప్పాక తెలిసింది.

అన్నిటికంటే నన్ను ఆపిన అంకె 8.3. ఇందులో పోసిన 5 డబ్ల్యూ-30 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 12 దగ్గర ఉంటుంది. 9.3 కంటే తగ్గితే అది 30 గ్రేడే కాదు. అంటే ఈ ఇంజిన్ కొన్ని నెలలుగా 20 గ్రేడు ఆయిల్‌తో నడుస్తోంది, అదీ ట్యూన్ చేసిన టార్కుతో.

చివరికి ఓనర్‌ను ఒప్పించింది అంకెలు కాదు. వాళ్ళ ఇంట్లోదే ఒక పాత ఇత్తడి గిన్నె. "మీ అవ్వ చింతపండు పులుసు వండే ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టిస్తుంది కదా, ఆ కళాయి పోయి లోపల ఇత్తడి కనిపిస్తే దాంట్లో పులుసు వండుతుందా?" అన్నాను. బేరింగు షెల్ అలాంటిదే. వెనక ఉక్కు, మధ్యలో రాగి కలిసిన పొర, పైన తగరం కలిసిన మెత్తటి పూత. ఆ పై పూత ఇరవై మైక్రాన్ల లోపే, వెంట్రుక మందంలో మూడోవంతు కూడా ఉండదు. పూత ఉన్నంతవరకు క్రాంక్‌కు ఏమీ కాదు. రాగి రేకులు వస్తున్నాయంటే కళాయి పోయిందని అర్థం. ఆ తర్వాత శబ్దం వస్తుంది. శబ్దం వచ్చాక విప్పితే బేరింగులతో పాటు క్రాంక్ కూడా పోయి ఉంటుంది.

"విప్పునా," అన్నాడు. "సీజన్ మొదలయ్యేలోపు ఇచ్చెయ్."

చాంబర్ కింద ఏముంది

ఈ బండిలో ఆయిల్ చాంబర్ దించాలంటే ఇంజిన్‌ను పైనుంచి వేలాడదీసి, ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింది చట్రం) దించాలి. దానికే ఒకటిన్నర రోజు పట్టింది.

చాంబర్ దించగానే ఆయిల్ స్ట్రెయినర్ జాలికి అతుక్కుని బూడిద రంగు రబ్బరు పురుగుల్లాంటివి కనిపించాయి. గాస్కెట్ పేస్టు, సిలికాన్‌తో చేసేది. ఈ బండి ఓనర్ చేతికి రాకముందు ఎవరో చాంబర్ తీసి, మళ్ళీ బిగించేటప్పుడు పేస్టు ధారాళంగా పట్టించారు. బయటికి పొంగినది తుడిచారు, లోపలికి పొంగినది ఎండి ఊడిపోయి జాలికి చేరింది. సిలికాన్ 27 లెక్క అక్కడ తేలింది.

ఆ క్షణంలో షెడ్డులో ఉన్న నలుగురూ ఒకే మాట అన్నారు: "ఇదేన్నా, ఆయిల్ అందక బేరింగులు పోయినాయ్." నాకూ అదే అనాలనిపించింది. తప్పు చేసినవాడు దొరికితే పని తేలిక కదా.

కానీ షెల్స్ బయటికి తీశాక అవి వేరే సంగతి చెప్పాయి. పిస్టన్లను క్రాంక్‌కు కలిపే ఆరు కనెక్టింగ్ రాడ్ల కింది షెల్స్ దాదాపు కొత్తవాటిలా బూడిద రంగులో ఉన్నాయి. పై షెల్స్ ఆరూ అరిగాయి. రెండో నంబరులో, అయిదో నంబరులో మధ్యభాగం పూత పూర్తిగా పోయి రాగి బయటపడింది. రెండో నంబరులో ఒక అంచున చిటికెన వేలి గోరంత పొర లేచిపోయి ఉంది. మన రేకులు అక్కడివే. క్రాంక్‌ను ఇంజిన్‌లో మోసే మెయిన్ బేరింగుల్లో రెండు విప్పి చూశాను. మచ్చ లేదు.

సిలిండర్లో పేలుడు జరిగినప్పుడు పిస్టన్ రాడ్‌ను కిందికి నొక్కుతుంది. ఆ బరువు మోసేది రాడ్ వైపున్న పై షెల్. ఆయిల్ అందకపోతే పైదీ కిందదీ చూడకుండా రెండూ కాలతాయి, నీలం రంగు తిరుగుతాయి, మెయిన్ బేరింగులకూ దెబ్బ తగులుతుంది. దుమ్ము పోతే గీతలు పడతాయి. ఇక్కడ కాలిన మరకా లేదు, గీతా లేదు. బరువు పడే చోట మాత్రమే, ఆరింటిలోనూ ఒకే తీరుగా అరుగుదల. ఆయిల్ అందింది, కానీ మధ్యలో నిలిచే పొర ఆ బరువును మోయలేకపోయింది. స్ట్రెయినర్‌లో మూసుకుపోయింది అయిదోవంతు కూడా లేదు. పేస్టు పూసినవాడిది నిర్లక్ష్యమే, అయినా ఈ కేసు అతని మీద పెట్టలేను.

రాడ్లు పట్టుకునే క్రాంక్ పిన్నుల మీద గోరు పెట్టి అడ్డంగా లాగాను. ఎక్కడా తగల్లేదు. మైక్రోమీటర్‌తో ఒక్కో పిన్నును నాలుగు చోట్ల కొలిచాం. 50 మిల్లీమీటర్ల పిన్ను, గుండ్రదనంలో తేడా మిల్లీమీటరులో వందోవంతు కూడా రాలేదు. ఆ రీడింగులు కాగితం మీద రాసుకుంటున్నప్పుడు నా భుజాల మీది బరువు దిగింది. క్రాంక్ మిగిలింది.

మరి ఎందుకు అరిగాయి

ఓనర్ మొదటినుంచీ ఘాట్ రోడ్డునే అనుమానించాడు. వారం వారం కొండ ఎక్కించడం వల్లేనా అని. పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు.

అలిపిరి దగ్గర టైమ్ వేసిన చీటీ తీసుకుంటే పైకి చేరడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి, దిగడానికి కనీసం 40. ముందే చేరితే జరిమానా. కాబట్టి కొండ మీద ఎవరూ ఇంజిన్‌ను మరీ వేగంగా తిప్పరు. సమస్య దానికి తిరగబడి ఉంది. ఇతను ఆటోమేటిక్‌ను పెట్రోల్ ఆదా చేసే ఎకో మోడ్‌లో పెట్టి, నాలుగో గేరులోనో అయిదో గేరులోనో 1,400 ఆర్పీఎం దగ్గర ఎక్కిస్తాడు. వంపు తిరిగాక కాలు కాస్త నొక్కితే టర్బో వెంటనే టార్కు ఇస్తుంది, ట్యూన్ వల్ల ఇంకా ఎక్కువ ఇస్తుంది. పిన్ను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆయిల్ పొర పల్చగా ఉంటుంది. షాఫ్టు వేగమే ఆ పొరను లాక్కొచ్చి మందంగా చేస్తుంది. వేగం తక్కువ, బరువు ఎక్కువ. 6,000 ఆర్పీఎంలో తిప్పడం కంటే ఇది బేరింగుకు నొప్పి.

అయినా కొండ ఒక్కటే ఈ పని చేయదు. ఊళ్ళో తిరుగుడు దానికి తోడైంది. ఇంటి నుంచి జిమ్ము, జిమ్ము నుంచి ఇల్లు, సాయంత్రం బాలాజీ కాలనీలో టీ. ఒక్కో ట్రిప్పు రెండు మూడు కిలోమీటర్లు. తిరుపతి ఎండకు ఇంజిన్ వేడెక్కకుండా ఉంటుందా అని అడుగుతారు. ఇంజిన్ నీళ్ళ వేడి చూపే ముల్లు త్వరగానే మధ్యకు వస్తుంది, ఆయిల్ వేడెక్కడానికి దానికి రెట్టింపు టైమ్ పడుతుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్‌లో చల్లటి సిలిండర్ గోడకు తగిలిన పెట్రోల్ పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్లోకి జారుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితే అది ఆవిరైపోతుంది. వేడెక్కేలోపే బండి ఆపేస్తే అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ చూసే డిప్‌స్టిక్ లేని బండి కాబట్టి ఆయిల్ వాసన చూసే అవకాశం కూడా ఓనర్‌కు లేదు. 14 నెలల పాటు అదే ఆయిల్.

నా తీర్పు ఇది: పెట్రోల్ కలిసి పల్చబడిన ఆయిల్ మొదటి కారణం, కింది ఆర్పీఎంలో ట్యూన్ టార్కు రెండో కారణం, ఘాట్ రోడ్డు ఆ రెండూ కలిసిన చోటు. శాతాలు వేయమంటే వేయలేను.

బిగింపు

ఈ రాడ్ల మూతలు కోసి చేసినవి కావు, విరిచి చేసినవి. విరిగిన గరుకు ముఖం దాని జతకు మాత్రమే సరిగ్గా కూర్చుంటుంది. ఒకదాని మూత ఇంకోదానికి పెట్టామా, రాడ్ పోయినట్టే. కాబట్టి ఒక్కో రాడ్ విప్పి, కొలిచి, బిగించి, తర్వాతే ఇంకోటి ముట్టుకున్నాం.

కొత్త షెల్స్‌తో గ్యాప్ చూడటానికి ప్లాస్టిగేజ్ దారం (బిగిస్తే నలిగి గ్యాప్ ఎంతో చూపిస్తుంది) వాడాను. ఆ బిగింపు పాత బోల్టులతో. ఈ బోల్టులు ఒకసారి డిగ్రీల లెక్కన సాగదీసి బిగిస్తే మళ్ళీ పనికిరావు. కొత్తవాటిని చివరి బిగింపుకు మాత్రమే తీయాలి. గ్యాప్ ఆరింటిలోనూ 0.045, 0.055 మిల్లీమీటర్ల మధ్య వచ్చింది. 50 మిల్లీమీటర్ల పిన్నుకు వెయ్యోవంతు గ్యాప్ అన్న పాత లెక్కకు సరిపోయింది. పాత షెల్స్‌తో రెండో నంబరులో 0.09 ఉండింది.

ఇక్కడ ఓనర్‌తో ఒక చిన్న గొడవ. ఆయిల్ కూలర్ మార్చాలన్నాను. "అది బాగానే ఉంది కదన్నా, పెట్రోల్ కొట్టి కడిగేయ్" అన్నాడు. సన్నటి గొట్టాలు, లోపల రెక్కలు. వాటిలో ఇరుక్కున్న రేకు కడిగితే రాదు, నెల తర్వాత వేడికి ఊడి తిన్నగా కొత్త బేరింగు మీదికి వస్తుంది. ఫ్లషింగ్ ఆయిల్ మీద నాకు నమ్మకం లేదు, అది మురికిని కదిలిస్తుంది గానీ బయటికి తీసుకురాదు. కూలర్ మార్చనిదే బండి బిగించనని చెప్పాను. మార్చాం. టర్బోకు పోయే ఆయిల్ పైపు కూడా మార్చాం. స్ట్రెయినర్ శుభ్రం చేశాం. చాంబర్‌కు పేస్టు సన్నటి గీతలా, చెప్పినంతే పట్టించాం.

షెల్స్, బోల్టులు, కూలర్, గాస్కెట్లు, ఆయిల్, కూలీ అన్నీ కలిపి లక్షా అరవై వేలు దాటింది. క్రాంక్ పోయుంటే ఆ డబ్బుకు ఇంకో ఎనిమిది లక్షలు చేర్చాలి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు కాయిల్స్, ఇంజెక్టర్ల ప్లగ్గులు పీకి, సెల్ఫ్ కొట్టి, గేజ్‌లో ప్రెషర్ లేచేవరకు తిప్పాం. మూడుసార్లు, పది సెకన్ల చొప్పున. ముల్లు లేచాకే ప్లగ్గులు పెట్టాం.

తర్వాత తీసిన ఫిల్టర్లు

500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చాం. కోసి చూస్తే ఆరు మెరుపులు. ఓనర్ ముఖం పాలిపోయింది. మూలమూలల్లో మిగిలిన పాతవి ఆ మాత్రం వస్తాయని నేను ముందే అనుకున్నాను, కానీ చెప్పడం మరిచిపోయాను. 2,500కు ఒకటే రేకు, అదీ కంటికి అనుమానమే. 6,000కు కాగితం మీద మసి తప్ప ఏమీ లేదు. అదే ఆయిల్ రిపోర్టులో రాగి 7, సిలికాన్ 8, చిక్కదనం 11.2. పెట్రోల్ 2 శాతం లోపు.

ఆయిల్ ఇప్పుడు 5 డబ్ల్యూ-40 పోస్తున్నాం. ఇంజిన్ మాన్యువల్ దాన్ని ఒప్పుకుంటుంది. అయిదు వేల కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. వారానికోసారి రేణిగుంట దాటి శ్రీకాళహస్తి దాకా ఒక పరుగు తీయమన్నాను. కొండకు పోయేటప్పుడు ఎకో మోడ్ తీసేసి, గేరు చేత్తో కిందికి దించి, 2,200 పైన ఉంచమన్నాను. మొదట్లో ఇంజిన్ ఎక్కువ తిరుగుతోందని భయపడ్డాడు, ఇప్పుడు అలవాటైంది.

ప్రతి ఫిల్టర్ కాగితాన్ని ఆరబెట్టి, తేదీ, కిలోమీటర్లు రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి షెడ్డు గోడకు మేకుకు తగిలిస్తున్నాం. ఈ బండివి మూడు ఉన్నాయి, మిగతా బండ్లవి ఇరవై దాకా. పక్క షెడ్డు వాళ్ళు అప్పడాలు ఎండబెట్టుకుంటున్నారా అని అడుగుతారు.

ట్యూన్ తీసేసి కంపెనీ సాఫ్ట్‌వేర్ వేయించాను. సీజన్ అయిపోయాక ఒకరోజు ఒక బుట్ట నీలం మామిడిపళ్ళు తెచ్చి బెంచీ మీద పెట్టి, గోడ మీద తన కవర్లను ఒకసారి చూసుకుని మెల్లగా అడిగాడు. "ట్యూన్ మళ్ళీ వేయించుకుంటే ఏమన్నా అవుతుందానా?"

2,500 ఆర్పీఎం కింద టార్కు పెంచకుండా రాయించుకుంటే నాకు అభ్యంతరం లేదన్నాను. దానికి వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఇంకో ఫిల్టర్ కోస్తానని కూడా చెప్పాను. ఆలోచిస్తానన్నాడు. ఇంకా వేయించుకోలేదు.